కోడామినెన్స్ అంటే “రెండూ సమానం” అని రాస్తే సరిపోతుందా? జెనెటిక్స్, ఎకాలజీ రెండిట్లోనూ

కొత్తచిగురు
అందరికీ నమస్కారం. డిగ్రీలో బయాలజీ చదువుతున్నాను. జెనెటిక్స్ పాఠంలో కోడామినెన్స్ (సహబహిర్గతత్వం) అనగానే ఏబీ రక్తవర్గం ఉదాహరణ ఇచ్చారు. ఎకాలజీ నోట్సులో “ఈ అడవిలో ఓక్, హికరీ కోడామినెంట్ జాతులు” అని ఉంది. ఫారెస్ట్రీ అధ్యాయంలోనేమో ఒకే జాతి చెట్లలో కొన్నిటిని డామినెంట్ అని, కొన్నిటిని కోడామినెంట్ అని విడదీశారు. మూడు చోట్లా “రెండూ సమాన బలం కలవి” అని రాసుకుంటే సరిపోతుందా? పరీక్షలకు ఇంకా టైముంది, కాబట్టి మార్కుల కోసం కాదు, నిజంగా అర్థం చేసుకోవాలని అడుగుతున్నాను.

పాఠాలబల్ల
మంచి ప్రశ్న. ముందు జన్యువుల సంగతి చూద్దాం, అడవుల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లు చెబుతారు.

“సమాన బలం” అనే మాట జెనెటిక్స్ జవాబులో రాయకండి. డామినెన్స్ అనగానే ఒక జన్యువు ఇంకోదాన్ని అణచిపెడుతోందన్న ఊహ వస్తుంది. చాలా సందర్భాల్లో అణచివేత ఏదీ ఉండదు. రక్తవర్గాన్నే తీసుకోండి. 9వ క్రోమోజోమ్ మీద ఉన్న ఏబీఓ జన్యువు ఒక ఎంజైమును తయారుచేయిస్తుంది. ఎర్ర రక్తకణం ఉపరితలం మీద హెచ్ యాంటిజెన్ అనే చిన్న చక్కెర గొలుసు ఉంటుంది. “ఏ” రకం ఎంజైము దాని చివర ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్‌ను తగిలిస్తుంది, బీ రకం ఎంజైము గెలాక్టోజ్‌ను తగిలిస్తుంది. ఈ రెండు ఎంజైములకూ ఉన్న తేడా నాలుగు అమైనో ఆమ్లాలే! ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రకాలను యుగ్మవికల్పాలు (అలీల్స్) అంటారు. “ఓ” అనే యుగ్మవికల్పంలో ఎక్కువగా కనిపించే రకంలో ఒక్క డీఎన్ఏ అక్షరం తప్పిపోయి ఉంటుంది. దాంతో అక్కడి నుంచి సమాచారమంతా పక్కకు జరిగి, పనిచేసే ఎంజైము తయారు కాదు.

“ఏ”, “ఓ” రెండూ ఉన్న మనిషిలో “ఏ” ఎంజైము తన పని తాను చేసుకుపోతుంది. ఓ తరఫున జరిగే పనే లేదు. అందుకే “ఏ” బహిర్గతం (డామినెంట్), “ఓ” అంతర్గతం (రిసెసివ్) అంటున్నాం. ఓ మీద ఎవరూ గెలవలేదు. ఇక ఏ, బీ రెండూ ఉన్న మనిషిలో రెండు ఎంజైములూ పనిచేస్తాయి, ఒకే కణం మీద రెండు రకాల గుర్తులూ పడతాయి. కోడామినెన్స్ అంటే ఇది: విషమయుగ్మజంలో (రెండు వేర్వేరు యుగ్మవికల్పాలున్న జీవిలో) రెండు యుగ్మవికల్పాల ఫలితాలూ విడివిడిగా గుర్తుపట్టేలా కనబడటం.

కార్ల్ లాండ్‌స్టీనర్ రక్తవర్గాలను ప్రచురించింది 1901లో. ఏబీ వర్గం ఆయన సహచరుల పనిలో 1902లో బయటపడింది. ఈ వర్గాలన్నిటినీ ఒకే జన్యుస్థానంలోని మూడు యుగ్మవికల్పాలతో వివరించవచ్చని ఫెలిక్స్ బెర్న్‌స్టీన్ 1924లో చూపించారు. పట్టికలో ఏబీ ఒక పక్కన చిన్న గడిలా కనిపిస్తుంది గానీ, ఆ చిక్కుముడి విప్పడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

స్లైడుముందు
రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. పాఠాలబల్ల గారు చెప్పింది మాకు రోజూ కళ్ల ముందు కనిపిస్తుంది. నీలం రంగులో యాంటీ-ఏ, పసుపు రంగులో యాంటీ-బీ ఉంటాయి. ఏబీ నమూనా అయితే రెండు చుక్కల్లోనూ కణాలు గడ్డకడతాయి. మధ్యరకంగా, సగం సగంగా కట్టడం అనేది ఉండదు.

“సమానం” గురించి ఒక మాట. ఏబీ వాళ్ల కణం మీద “ఏ” గుర్తుల సంఖ్య, ఏ1 (“ఏ” వర్గంలో ఒక ఉపవర్గం) వాళ్ల కణం మీద ఉన్నదానికంటే తక్కువ. ఉన్న హెచ్ గొలుసులు అవే, వాటి కోసం రెండు ఎంజైములు పోటీపడుతున్నాయి కదా. ఏ, బీ గుర్తులు కూడా లెక్కపెడితే సరిగ్గా చెరిసగం ఉండాలనేమీ లేదు. అయినా అది కోడామినెన్సే.

ఏబీఓలో ఓ అనే మూడోది మధ్యలో దూరి గందరగోళం చేస్తుంది అనుకుంటే ఎంఎన్ రక్తవర్గం చూడండి. లాండ్‌స్టీనర్, ఫిలిప్ లెవిన్ కలిసి 1927లో కనుగొన్నారు. గ్లైకోఫోరిన్-ఏ అనే ప్రోటీనులో రెండు చోట్ల అమైనో ఆమ్లాలు మారితే ఎం, ఎన్ తేడా వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ ఎంఎన్ అయితే పిల్లల్లో ఎం, ఎంఎన్, ఎన్ వర్గాల నిష్పత్తి 1:2:1. ఇందులో అంతర్గతం అనేదే లేదు.

కొత్తచిగురు
థాంక్స్ అండీ. కానీ 1:2:1 అసంపూర్ణ బహిర్గతత్వంలో (ఇన్‌కంప్లీట్ డామినెన్స్) కూడా వస్తుంది కదా? ఎరుపు, తెలుపు స్నాప్‌డ్రాగన్ పూల మధ్య సంకరణలో రెండో తరంలో ఎరుపు, గులాబీ, తెలుపు అదే నిష్పత్తిలో వస్తాయని చదివాను. మరి రెండిటినీ విడదీసేది ఎలా?

పాఠాలబల్ల
నిష్పత్తిని బట్టి విడదీయలేరు. రెండిట్లోనూ విషమయుగ్మజం ప్రత్యేకంగా కనిపిస్తుంది కాబట్టి రెండిట్లోనూ 1:2:1 వస్తుంది. విషమయుగ్మజం ఎలా కనిపిస్తోందో చూడాలి. లేత గులాబీ రంగు అద్దిన బట్టనూ, ఎరుపు తెలుపు దారాలు కలిపి నేసిన బట్టనూ దూరం నుంచి చూస్తే ఒకలాగే ఉండవచ్చు. దగ్గరికి వెళ్తే రెండోదాంట్లో ఏ దారానికి ఆ దారం కనిపిస్తుంది. అసంపూర్ణ బహిర్గతత్వం మొదటి బట్ట, కోడామినెన్స్ రెండోది. స్నాప్‌డ్రాగన్‌లో ఎర్ర వర్ణకం తగ్గి పువ్వు గులాబీగా కనబడుతుంది. షార్ట్‌హార్న్ పశువుల్లో రోన్ రంగు ఉన్నప్పుడు ఎర్ర వెంట్రుకలు, తెల్ల వెంట్రుకలు కలిసి ఉంటాయి.

కణంలోపల
రోన్ ఉదాహరణతో నాకు పేచీ ఉంది, క్షమించండి. అన్ని పుస్తకాల్లోనూ ఉంటుందని తెలుసు. కానీ తెల్ల వెంట్రుక అంటే అక్కడ వర్ణకం లేదనే కదా? “తెలుపు” అనే ఒక పదార్థాన్ని రెండో యుగ్మవికల్పం తయారుచేయడం లేదు. రోన్ రంగు కేఐటీఎల్‌జీ అనే జన్యువులో మార్పుతో ముడిపడి ఉంది. వర్ణక కణాలు తయారై చర్మమంతా పరుచుకోవడానికి కావలసిన సంకేతం ఆ జన్యువుది. ఆ సంకేతం సరిగా అందని చోట వెంట్రుక తెల్లగా వస్తుంది. జన్యు ఫలితం స్థాయిలో ఇది కోడామినెన్స్ కంటే అసంపూర్ణ బహిర్గతత్వానికే దగ్గర. కంటికి మాత్రం రెండు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి పాఠాల్లో అలా స్థిరపడిపోయింది.

నా ఉద్దేశంలో మొదటిసారి నేర్చుకునేవాళ్లకు ఏబీ, ఎంఎన్ చెప్పాలి. రోన్‌ను తర్వాత చర్చకు పెట్టాలి.

పాఠాలబల్ల
చర్చకు పెట్టడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కానీ దృశ్యరూపం అనే మాటకు అర్థమే కనిపించేది అని కదా. వెంట్రుకల రంగును దృశ్యరూపంగా తీసుకున్నప్పుడు రోన్‌లో రెండూ కనిపిస్తున్నాయి. ఆ స్థాయిలో ఆ పేరు తప్పు కాదని నా వాదన. ఏ స్థాయిలో చెబుతున్నామో పక్కన రాస్తే చాలు.

కణంలోపల
“ఏ స్థాయిలో” అనేదే అసలు విషయం. అక్కడ మనిద్దరిదీ ఒకే మాట. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) కంటే దీనికి మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఒక మనిషికి ఒక మామూలు బీటా-గ్లోబిన్ జన్యువు, ఒక సికిల్ జన్యువు ఉన్నాయనుకోండి. జబ్బు ఉందా లేదా అని చూస్తే, మామూలు పరిస్థితుల్లో జబ్బు ఉండదు, కాబట్టి సికిల్ అంతర్గతం. రక్తకణాలను తీసుకుని ఆక్సిజన్ బాగా తగ్గించి చూస్తే ఇవి కూడా కొడవలి ఆకారంలోకి తిరుగుతాయి. కాకపోతే జబ్బు ఉన్నవాళ్ల కణాలంత తేలిగ్గా తిరగవు. ఆ స్థాయిలో అసంపూర్ణ బహిర్గతత్వం. హిమోగ్లోబిన్‌ను ఎలక్ట్రోఫోరెసిస్‌లో (విద్యుత్తుతో ప్రోటీనులను విడదీసే పద్ధతి) నడిపిస్తే రెండు పట్టీలు, హెచ్‌బీ-ఏ (మామూలు హిమోగ్లోబిన్) ఒకటి, హెచ్‌బీ-ఎస్ (సికిల్ రకం) ఒకటి. అక్కడ అచ్చమైన కోడామినెన్స్. మనిషి ఒక్కరే, జన్యురూపం ఒక్కటే, పేర్లు మూడు.

లైనస్ పౌలింగ్ బృందం ఎలక్ట్రోఫోరెసిస్‌తో ఈ తేడాను 1949లో చూపించింది. ఆ తర్వాత వెర్నన్ ఇంగ్రామ్, బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చిందని తేల్చారు. స్లైడుముందు గారు చెప్పిన “చెరిసగం కానక్కర్లేదు” ఇక్కడా వర్తిస్తుంది. వీళ్ల రక్తంలో హెచ్‌బీ-ఎస్ సాధారణంగా 35–40 శాతం దగ్గర ఉంటుంది, హెచ్‌బీ-ఏ దానికంటే ఎక్కువ. ఆల్ఫా గొలుసులు మామూలు బీటా గొలుసుతో కాస్త తేలిగ్గా జతకడతాయి, అందుకని.

మెండెల్ బఠాణీ కూడా ఇంతే. గుండ్రటి, ముడతల గింజల్లో గుండ్రం పూర్తిగా బహిర్గతం అని మనం నేర్చుకున్నాం. కానీ విషమయుగ్మజ గింజలోని పిండిరేణువులను మైక్రోస్కోపులో చూస్తే అవి మధ్యరకంగా ఉంటాయి.

రాత్రిచదువు
మరి కాలికో పిల్లి? నలుపు, నారింజ రెండూ కనిపిస్తాయి కదా, అది కూడా ఇదేనా?

కణంలోపల
కాదు. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు ఉన్నా ప్రతి కణంలో ఒకటి మూతపడుతుంది (మేరీ లయన్ 1961లో ప్రతిపాదించారు). నల్ల మచ్చలోని వర్ణక కణంలో ఒక యుగ్మవికల్పమే పనిచేస్తోంది, నారింజ మచ్చలో రెండోది. ఏబీ మనిషిలోనైతే ఒకే కణం మీద రెండూ ఉంటాయి.

పచ్చదారి
అడవి వైపు నుంచి నేను. కొత్తచిగురు గారూ, మీ ఫారెస్ట్రీ అధ్యాయంలో చెప్పింది క్రౌన్ క్లాస్‌ల గురించి, అంటే చెట్టు తల ఎంత ఎత్తులో ఉంది, ఎంత వెలుతురు అందుకుంటోంది అన్నదాన్ని బట్టి చేసే వర్గాల గురించి. జర్మన్ అటవీ నిపుణుడు గుస్తావ్ క్రాఫ్ట్ 1884లో చేసిన వర్గీకరణ దీనికి మూలం. ఒకే వయసు చెట్లున్న తోపును పక్క నుంచి చూస్తున్నారనుకోండి. సాధారణ పైకప్పు మట్టం కంటే తల పైకెత్తి, పై నుంచి పూర్తిగా, పక్కల నుంచి కూడా కొంత వెలుతురు అందుకునేవి డామినెంట్. పైకప్పు మట్టాన్ని ఏర్పరుస్తూ, పై నుంచి పూర్తి వెలుతురు, పక్కల నుంచి కొద్దిగానే అందుకునేవి కోడామినెంట్. వాటి కింద ఇంటర్మీడియట్, ఇంకా కింద అణగారినవి.

కాబట్టి ఇక్కడ కోడామినెంట్ అనేది రెండో మెట్టు. డామినెంట్‌తో సమానం అని రాస్తే పూర్తిగా తప్పు. పైగా ఇది జాతి గురించి చెప్పేది కాదు, ఒక్కొక్క చెట్టు గురించి చెప్పేది. తోపును పలచన చేసేటప్పుడు ఏ చెట్టు ఉంచాలి, ఏది తీసేయాలి అని నిర్ణయించడానికి దీన్ని వాడతాం. పక్క చెట్టు తీసేస్తే కోడామినెంట్ చెట్టు కొమ్మలు ఆ ఖాళీలోకి విస్తరిస్తాయి. పూర్తిగా అణగారిన చెట్టు చాలాసార్లు అంత త్వరగా కోలుకోదు.

గడ్డిమైదానం
ఎకాలజీలో జాతుల కోడామినెన్స్ గురించి నేను చెబుతాను. ఒక సమాజంలో ఒకటి కంటే ఎక్కువ జాతులు, మిగతా అన్నిటికంటే చాలా ఎక్కువ వాటా తీసుకుని, తమలో తాము దాదాపు ఒకే స్థాయిలో ఉంటే వాటిని కోడామినెంట్ జాతులు అంటారు. ఇక్కడ మాత్రం “ఇంచుమించు సమానం” అనేది అర్థంలో భాగమే. మిగతా రెండు చోట్ల తప్పయిన మాట ఇక్కడ కావాలి.

కానీ దేనిలో సమానం? ఇది అడగకుండా నోట్సులో “ఓక్, హికరీ కోడామినెంట్” అని రాసుకుంటే ఏమీ తెలియదు. ఊహకు ఒక ప్లాటు తీసుకుందాం. మొదటి జాతివి 10 చెట్లు, ఒక్కోటి 60 సెంటీమీటర్ల వ్యాసం. రెండో జాతివి 60 చెట్లు, ఒక్కోటి 15 సెంటీమీటర్లు. తలలు లెక్కపెడితే రెండో జాతిదే రాజ్యం, 86 శాతం. మాను అడ్డుకోత వైశాల్యం (బేసల్ ఏరియా) చూస్తే మొదటిది 2.83 చదరపు మీటర్లు, రెండోది 1.06. అంటే 73 శాతం మొదటి జాతిదే. రెండు జాతులూ అన్ని ఉపప్లాట్లలో ఒకేలా కనబడ్డాయనుకుంటే సాపేక్ష పౌనఃపున్యం (ఎన్ని ఉపప్లాట్లలో కనబడింది అన్నదాంట్లో వాటా) 50, 50. కర్టిస్, మెకింటోష్ 1951లో వాడిన ఇంపార్టెన్స్ వాల్యూ ఈ మూడు శాతాల మొత్తం, గరిష్ఠం 300. మొదటి జాతికి 137, రెండో జాతికి 163 వస్తాయి. ఈ కొలతతో చూస్తే రెండూ కోడామినెంట్! లెక్కతో చూస్తే ఒకటే డామినెంట్, అడ్డుకోతతో చూస్తే ఇంకోటి డామినెంట్.

కణంలోపల గారు సికిల్ సెల్ గురించి చెప్పింది చదవగానే నాకు ఇదే తోచింది. అక్కడ పరిశీలించే స్థాయి మారితే పేరు మారుతోంది, ఇక్కడ కొలత మారితే మారుతోంది. ప్లాటు సైజు మారినా మారుతుంది. పది మీటర్ల ప్లాటులో ఒకే జాతి ఆధిపత్యం కనిపించి, కొండవాలు మొత్తం చూస్తే రెండు జాతులు చెరోచోట ఆక్రమించుకుని ఉండవచ్చు.

కొత్తచిగురు
ఈ లెక్క నోట్సులో ఎక్కించుకున్నాను అండీ. ఇంకో సందేహం. రెండు జాతులు అలా కలిసి పైన నిలబడటం ఎలా సాధ్యం? పోటీలో ఒకటి రెండోదాన్ని నెట్టేయాలి కదా?

గడ్డిమైదానం
రెండిటికీ కావలసినవి అచ్చం ఒకటే అయితే నెట్టేస్తుంది. ఎక్కువగా అలా ఉండదు. మొహావీ ఎడారిలో క్రియోసోట్ పొద, వైట్ బర్సేజ్ అనే చిన్న పొద చాలా విస్తీర్ణంలో కోడామినెంట్‌గా ఉంటాయి. బర్సేజ్ వేర్లు ఎక్కువగా పై పొరల్లో ఉంటాయి, క్రియోసోట్ వేర్లు ఇంకా లోతుకు దిగుతాయి. అంతేకాదు, క్రియోసోట్ మొలకలు తరచుగా బర్సేజ్ పొద నీడలో నిలదొక్కుకుంటాయి. ఒకటి రెండోదానికి పసితనంలో ఆసరా అవుతోంది. ఇందులో పోటీ లేదనను, నీటి కోసం ఉంది, కానీ పోటీ ఒక్కటే లేదు.

కోడామినెంట్ జోడీ శాశ్వతం అనుకోవద్దు కూడా. ఉత్తర అమెరికా తూర్పు కొండల్లో ఒకప్పుడు ఓక్–చెస్ట్‌నట్ అడవులు ఉండేవి. చెస్ట్‌నట్ బ్లైట్ అనే శిలీంధ్ర తెగులును 1904లో న్యూయార్క్‌లో గుర్తించారు. తర్వాతి అర్ధశతాబ్దంలో సుమారు 300–400 కోట్ల చెస్ట్‌నట్ చెట్లు పోయాయని అంచనా. ఆ అడవులు చాలా చోట్ల ఓక్–హికరీ వగైరాగా మారిపోయాయి. మీ నోట్సులోని ఆ ఒక్క వాక్యం వెనక ఇంత కథ ఉండొచ్చు.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, ఫిలిప్ గ్రైమ్ 1998లో చెప్పినట్టు, ఒక ఆవరణ వ్యవస్థ పనితీరు ఎక్కువగా జీవద్రవ్యరాశిలో పెద్ద వాటా ఉన్న జాతుల లక్షణాలను బట్టే ఉంటుంది. ఆకు ఎంత త్వరగా కుళ్లుతుంది, నేలకు నత్రజని ఎంత చేరుతుంది వంటివి. కోడామినెంట్ జాతులు రెండుంటే, ఒకదానికి తెగులు వచ్చినా రెండోది కొంత పని నెట్టుకొస్తుంది. అవి రెండూ ఒకే తెగులుకు లొంగేవి కాకపోతేనే సుమా.

కొమ్మరంపం
తోటచెట్ల సంరక్షణ నా పని. మా దగ్గర నాలుగో అర్థం ఉంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. ఒకే చోట నుంచి ఇంచుమించు ఒకే లావు ఉన్న రెండు మానులు చీలి పైకి వెళ్తే వాటిని కోడామినెంట్ స్టెమ్స్ అంటాం. చూడటానికి అందంగా ఉంటుంది గానీ చాలా టెన్షన్ పెట్టే విషయం. మామూలు కొమ్మ మొదట్లో మాను కణజాలం చుట్టూ పొదువుకుని పట్టుకుంటుంది. ఇక్కడ ఆ పట్టు ఉండదు. రెండూ లావెక్కుతున్నకొద్దీ మధ్యలో బెరడు లోపలికి ఇరుక్కుపోతే, గాలివానకు నిట్టనిలువునా చీలుతుంది.

చెట్టు చిన్నగా ఉన్నప్పుడే ఒకదాని పొడవు తగ్గించి కత్తిరిస్తే అది వెనకబడి కొమ్మగా మారుతుంది, రెండోది మానుగా స్థిరపడుతుంది. కొమ్మ లావు మాను లావులో సగం లోపు ఉంటే సాధారణంగా పట్టు బాగుంటుంది. పెద్దయ్యాక ఒక మానును మొదలంటా కోస్తే పెద్ద గాయం, కుళ్లు. అప్పుడు తీగలతో కట్టి ఆపడం లాంటివి చేయాలి.

రాత్రిచదువు
జంతు ప్రవర్తనలో కూడా చదివాను. ఒక గుంపులో ఆడ, మగల మధ్య జరిగే తగాదాల్లో ప్రతిసారీ ఒకే పక్షం గెలవకపోతే కోడామినెంట్ అంటారు. ఐదో అర్థం.

స్లైడుముందు
ల్యాబ్ వైపు నుంచి ఇంకోటి కలుపుతాను, గడ్డిమైదానం గారికి ఉపయోగం. డీఎన్ఏ మార్కర్లలో (జన్యు తేడాలను పట్టుకోవడానికి వాడే డీఎన్ఏ గుర్తుల్లో) మైక్రోశాటిలైట్‌లు అనే రకం కోడామినెంట్, ఆర్‌ఏపీడీలు అనే రకం డామినెంట్. మైక్రోశాటిలైట్‌లో విషమయుగ్మజానికి రెండు పట్టీలు వస్తాయి. ఆర్‌ఏపీడీలో పట్టీ ఉందా లేదా అనేదే తెలుస్తుంది, ఉంటే జన్యువు ఒక ప్రతా, రెండు ప్రతులా అన్నది తెలియదు.

గడ్డిమైదానం
అందుకే అడవుల జన్యు వైవిధ్యం పనిలో మేము మైక్రోశాటిలైట్‌ల వైపే మొగ్గుతాం. ఎంతమంది విషమయుగ్మజాలున్నారో నేరుగా లెక్కపెట్టగలిగితేనే ఒక చెట్ల గుంపులో అంతఃప్రజననం (దగ్గరి బంధువుల మధ్య సంకరణ) పెరుగుతోందా అన్నది నమ్మకంగా చెప్పగలం. మొలక తండ్రి ఏ చెట్టో పట్టుకోవడానికి కూడా అవే మేలు.

కొత్తచిగురు
అందరికీ చాలా థాంక్స్. జెనెటిక్స్ జవాబులో “విషమయుగ్మజంలో రెండు యుగ్మవికల్పాల ఫలితాలూ విడివిడిగా కనిపిస్తాయి, పరిమాణం సమానం కానక్కర్లేదు, ఏ స్థాయిలో చూస్తున్నామో చెప్పాలి” అని రాస్తాను. ఎకాలజీ జవాబులో ఏ కొలత ప్రకారమో కూడా రాస్తాను. చివరిగా ఒక్కటి: ఏబీ వర్గం తండ్రికి, “ఓ” వర్గం తల్లికి పుట్టే బిడ్డ “ఏ” గానీ “బీ” గానీ అవ్వాలి, ఏబీ గానీ “ఓ” గానీ అవ్వదు. ఇది ఎప్పుడూ తప్పదా?

స్లైడుముందు
దాదాపు ఎప్పుడూ అంతే. కానీ సిస్-ఏబీ అని ఒక అరుదైన యుగ్మవికల్పం ఉంది. అందులో ఒకే ఎంజైము రెండు చక్కెరలనూ తగిలించగలదు. అంటే ఏ, బీ రెండు పనులూ ఒకే క్రోమోజోమ్ మీద నుంచి వస్తాయి. తండ్రికి ఒక సిస్-ఏబీ, ఒక “ఓ” ఉంటే, “ఓ” వర్గం తల్లికి పుట్టే బిడ్డ ఏబీ కావచ్చు, “ఓ” కావచ్చు. అలాంటి రిపోర్టు వస్తే కుటుంబంలో ఎవరినీ ఒక్క మాట కూడా అనకూడదు. ముందు నమూనాలు తారుమారయ్యాయేమో చూసి, కొత్తగా రక్తం తీసి మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ అదే వస్తే ఏబీఓ జన్యువునే అక్షరం అక్షరం చదివించాలి (సీక్వెన్సింగ్).